సిబిల్ థార్న్‌డైక్ : ఒక కంఠము చరిత్ర

రేడియో ముందు కూర్చుండి నాటకమును వినునప్పుడు మనకు నటుల ముఖములు కనబడవు. కిరీటములు, పట్టుబట్టలు, రంగుల తెరలు, దీపములు - ఇవి యేవియు మనకు తోడు రావు. గదిలో నొక మూలనున్న పెట్టెనుండి ఒక కంఠము వినవచ్చును. రాజు ఠీవి, తల్లి దుఃఖము, అపరాధి భయము అన్నియు ఆ కంఠములోనే మనము వెదకికొనవలెను. అది సత్యముగ పలికినచో మన యింటి గదియే రంగస్థలమగును. పలుకనిచో మీట త్రిప్పి ఊరకుందుము. కావున కంఠము విలువ యెట్టిదో రేడియో గల యింటివారికి వేరుగ చెప్పనక్కరలేదు.

అట్టి కంఠ మెట్లు తయారగును? అది పుట్టుకతో వచ్చునా, సాధనచే వచ్చునా? వచ్చిన పిదప అది యెవరి సొత్తు? హెచ్చు వెల యిచ్చి ముందు వరుసలో కూర్చుండు వారిదా, లేక గనిలో బొగ్గు త్రవ్వి ప్రొద్దుగ్రుంకువేళకు అలసి యిల్లు చేరువానికి కూడ అందు భాగము కలదా? ఈ ప్రశ్నలకు శాస్త్రగ్రంథములలో సమాధానము వెదకుటకంటె ఒక జీవితమును పరిశీలించుట మేలని మాకు తోచినది. 1904 మొదలు 1969 వరకు, అరువదియైదేండ్లు, ఆంగ్ల రంగస్థలముపై నిలిచి, నడుమ చలనచిత్రములలోను నటించిన డేమ్ సిబిల్ థార్న్‌డైక్ జీవితమే అది.

ఆమె 1882 అక్టోబరు 24వ తేదీన లింకన్‌షైరులోని గెయిన్స్‌బరో పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. సిబిల్ పసిబిడ్డగ నున్నప్పుడే ఆయనకు కెంటు మండలమందలి రోచెస్టర్ కెథీడ్రలులో పదవి లభించినందున కుటుంబ మచటికి మారినది. ప్రార్థనగీతములు, ఆర్గను వాద్యము, పెద్ద రాతికట్టడములో మారుమ్రోగు ఉపన్యాసములు - ఇవియే ఆమె తొలి పాఠములు. ఇంటిలో తమ్ముడు రసెల్‌తో కూడి నాటకములు కల్పించి ఆడుట ఆమెకు బాల్యపు వేడుక. ఈ రసెల్ తరువాత నటుడుగను, 'డాక్టర్ సిన్' నవలల రచయితగను పేరొందెను.

అయినను ఆమె మొదట కోరినది నటన కాదు, సంగీతము. పియానో వాదనమునందు ఆరితేరవలెనని లండనులోని గిల్డ్‌హాల్ సంగీత పాఠశాలలో చేరి యెడతెగని సాధన చేసెను. సభలలో వాయించు స్థితికి వచ్చినది. అంతలో దైవము వేరొకటి తలచెను. చేతి కండరములు బిగిసికొనిపోవు వ్యాధి పట్టుకొన్నది. వ్రేళ్లు చెప్పినమాట వినకుండుటచే ఆ విద్య విడువవలసివచ్చెను. యౌవనారంభమున ఒక కల యిట్లు చెదరిపోయినప్పుడు ఎందరో నిరాశలో మునిగిపోవుదురు. సిబిల్ తమ్మునితో పాటు బెన్ గ్రీట్ అను నాటకసమాజ నాయకుని పాఠశాలలో చేరి, 1904లో వృత్తినటిగ రంగమెక్కెను. చేతులు విడిచిన సంగీతము కంఠమున ప్రవేశించినదని చెప్పిన తప్పు కాదు.

బెన్ గ్రీట్ సమాజముతో ఆమె అమెరికాకు వెళ్లినది. ఆ సమాజము షేక్స్‌పియర్ నాటకములను ఆరుబయట, తోటలలో, కళాశాలల పచ్చికబయళ్లపై ఊరూర ప్రదర్శించుచుండెను. నేడు రాణి, రేపు దాసి, ఎల్లుండి మంత్రగత్తె. ఆ కొన్ని సంవత్సరములలో ఆమె 112 పాత్రలు ధరించినట్లు చరిత్రకారులు లెక్క చెప్పుదురు. కాని గాలికి ఎదురుగ నిలిచి, దుమ్ములో, ఎండలో గొంతెత్తి పలుకుటచే మరల నొక గండము వచ్చినది. కంఠనాళములు దెబ్బతినినవి. వైద్యుడు వారములకొలది నోరు మెదపరాదని శాసించెను. ఇదివరకే చేతులను కోల్పోయిన మనిషి ఇప్పుడు గొంతునుకూడ కోల్పోవునా యను భయముతో మౌనవ్రతము పట్టినది. వ్రతము ఫలించి, కంఠము తిరిగి వచ్చినది. తరువాతి ఆరు దశాబ్దములు ఆమె ఆ కంఠమును దేవుడిచ్చిన అప్పుగ భావించి వాడుకొన్నదని మాకు తోచును.

ఇంగ్లండునకు మరలివచ్చిన పిదప 1908లో మిస్ హార్నిమన్ నడపుచుండిన నాటకసమాజమున చేరెను. అచటనే లూయిస్ కాసన్ అను నటునితో పరిచయమై, ఆ యేడాది డిసెంబరులోనే వివాహము జరిగినది. కాసన్ వేల్సు దేశపు కుటుంబమునకు చెందినవాడు, సామ్యవాది, ముక్కుసూటి మనిషి. సంభాషణకును సంగీతమువలె స్వరస్థానములుండునని ఆయన నమ్మకము. ఏ మాట యెత్తున మొదలిడవలెను, ఏ మాట దిగువకు జారవలెను, ఏ చోట ఊపిరి తీయవలెను అనునది కీర్తనను నేర్పునట్లు నేర్పెడివాడు. పియానో విడిచిన సిబిల్‌కు ఇంతకంటె తగిన గురువు దొరకునా? వారి దాంపత్యము అరువదేండ్లు సాగినది. నలుగురు బిడ్డలు కలిగిరి.

ఈ సందర్భమున ఒక ముచ్చట చెప్పుదురు. పెండ్లికి ముందు ఆమె బెర్నార్డ్ షా రచించిన 'కాండిడా' నాటకములో కథానాయిక పాత్రను ఆయన యెదుట చదివినదట. షా నవ్వి, ఇంటికి పోయి సంసారము దిద్దుకొని నలుగురు పిల్లలను కని వచ్చిన పిదప ఆ పాత్ర చక్కగ నటింపగలవని సలహా యిచ్చెనట. ఆమె ఆ సలహాను అక్షరాల పాటించినదని స్నేహితులు వేళాకోళము చేయుచుండెడివారు.

1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైనది. కాసన్ సైన్యమున చేరెను. సిబిల్ థేమ్సు నదికి దక్షిణమున, బీదల పేటలో నున్న ఓల్డ్ విక్ నాటకశాలకు చేరెను. దానిని నడపుచుండిన లిలియన్ బేలిస్ అను నామె వట్టిచేతులతో గొప్ప పనికి పూనుకొన్న సాహసురాలు. కొద్ది పెన్నీలకే కూలివారికి షేక్స్‌పియర్‌ను చూపవలెనని ఆమె పట్టుదల. పురుషులు యుద్ధమునకు పోవుటచే పురుషపాత్రలకు మనుష్యులు కరవైరి. పురుషులు స్త్రీపాత్రలు ధరించుట మనమెరిగినదే. అచట క్రమము తారుమారైనది. సిబిల్ లేడీ మాక్బెత్, రోజలిండ్ పాత్రలతో తృప్తిపడక, యువరాజు హాల్‌గను, లియర్ మహారాజు వెంటనుండు విదూషకుడుగను, 'టెంపెస్టు'లో ఫెర్డినాండుగను నటించినది. ఆకాశమునుండి జర్మను జెప్పెలినులు బాంబులు వేయుచున్నను ప్రదర్శనములు ఆగలేదు. 1917లో ఆమె చిన్న తమ్ముడు ఫ్రాంక్ యుద్ధమున మరణించెను. ఆ యేడాదియే తండ్రియు గతించెను.

ఈ దుఃఖమే తరువాత గ్రీకు విషాదనాటకములకు పెట్టుబడియైనదేమో. యుద్ధానంతరము, 1919-20 సంవత్సరములలో, గిల్బర్ట్ మరే పండితుని ఆంగ్లానువాదములలో యూరిపిడీజ్ నాటకములను ఆమె ప్రదర్శించెను. 'ట్రోజన్ స్త్రీలు'లో ఆమె ముసలి రాణి హెక్యూబా. పట్టణము కాలిపోయినది, కొడుకులు చచ్చిరి, మనుమడు శవమై యొడిలోనికి వచ్చినాడు. రెండువేల మూడువందల యేండ్లకు పైబడిన ఆ శోకమునకు లండను ప్రేక్షకులలో వ్యాఖ్యాత అవసరము లేకపోయినది. ప్రతి వరుసలోను కొడుకును, తమ్ముని, పెనిమిటిని పోగొట్టుకొన్న స్త్రీలు కూర్చుండియుండిరి.

1922లో ఆమె షెల్లీ మహాకవి వ్రాసిన 'చెంచి' నాటకమున బియాట్రిస్ పాత్ర ధరించినది. ఆ నాటకము ఇతివృత్తము ఘోరమైనదను కారణమున నూరేండ్లు బహిరంగ ప్రదర్శనమునకు నోచుకొనలేదు. అందలి న్యాయస్థాన ఘట్టమును బెర్నార్డ్ షా చూచుట తటస్థించినది. అప్పటికి ఆయన మనస్సులో జోన్ అను పల్లెపడుచు కథ తిరుగుచుండెను. ఆమె నటన చూచి, తన జోన్ దొరకినదని ఇంటికి పోయి భార్యతో చెప్పెనట.

జోన్ కథ మన పాఠకులు వినియేయుందురు. ఫ్రాన్సు దేశపు రైతుబిడ్డ. దైవవాణి వినబడినదని చెప్పి సైన్యమునకు నాయకత్వము వహించినది. 1431లో శత్రువులు ఆమెను మతద్రోహియని విచారించి రూవా నగరమున సజీవదహనము చేసిరి. 1920లో అదే మతసంస్థ ఆమెను పునీతగ ప్రకటించినది. షా మహాశయుడు ఈ కథను తన సహజమైన చమత్కారముతోను, సహజము కాదనిపించు భక్తితోను నాటకముగ మలచి, కాసన్ దంపతులను తన యింటికి పిలిచి స్వయముగ చదివి వినిపించెను. 'సెయింట్ జోన్' 1924 మార్చి 26వ తేదీన లండనులోని న్యూ థియేటరున ప్రదర్శింపబడినది. అప్పటికి రచయితకు అరువదియేడేండ్లు; నటికి నలువదియొకటి.

ఇచట ఒక్క విషయమును గూర్చి యోచింపవలెను. పందొమ్మిదేండ్లు నిండని పల్లెపిల్లగ నలుగురు బిడ్డల తల్లి నిలుచుట యెట్లు సాధ్యమైనది? ఆమె లోకము మెచ్చు సౌందర్యవతి కాదు. ముఖమునందు బలము కలదు, లాలిత్యము తక్కువ. ప్రేక్షకులను నమ్మించినది ఆమె రూపము కాదు, పలుకు. విచారణ ఘట్టమున జోన్ మొదట భయపడి, తాను విన్న దైవవాణి అబద్ధమని చేవ్రాలు చేయును. ప్రాణములు దక్కునుగాని బ్రదుకంతయు చెరసాలలో గడపవలెనని తెలియగానే ఆ కాగితమును చించివేయును. రొట్టెయు నీరును తనకు బాధ కాదనియు, ఆకాశపు వెలుగు, పొలములు, పక్షుల పాట, గాలిలో తేలివచ్చు గంటల నాదము లేని బ్రదుకు తనకు వలదనియు చెప్పి మంటను కోరుకొనును. ఆ మాటలలో ఏడుపు లేదు, శాపము లేదు. ఊరి పొలము గుర్తువచ్చిన పిల్ల పలుకు మాత్రమే కలదు. కెథీడ్రలు గంటల నడుమ పెరిగిన సిబిల్ ఆ మాటలను ఎచటినుండి తెచ్చుకొన్నదో ఊహించుట కష్టము కాదు. ఆ నాటకము ఆ మొదటి పరంపరలోనే 244 ప్రదర్శనలు నడచినది. అప్పటినుండి ఇంగ్లండున జోన్ అన్న సిబిల్, సిబిల్ అన్న జోన్ అను వాడుక యేర్పడినది.

కీర్తి వచ్చినది. కీర్తితో పాటు సుఖమును వచ్చియుండవలసినది. కాని ఆమె సుఖమార్గము పట్టలేదు. 1928లో హెర్బర్ట్ విల్‌కాక్స్ 'డాన్' అను మూగచిత్రమును నిర్మించెను. ఇది 1915 అక్టోబరు 12వ తేదీన బ్రస్సెల్సు నగరమున జర్మనులు కాల్చిచంపిన ఈడిత్ కావెల్ అను ఆంగ్ల నర్సు కథ. మిత్రదేశముల సైనికులను రహస్యముగ సరిహద్దు దాటించుట ఆమె చేసిన నేరము. సిబిల్ కావెల్ పాత్ర ధరించెను. యుద్ధము ముగిసి పదేండ్లయినది. జర్మనీతో స్నేహము కుదురుచున్నది. పాతగాయము రేపదగదని విదేశాంగమంత్రి ఆస్టిన్ చేంబర్లేన్ అభ్యంతరము చెప్పెను. సెన్సారు సంఘము అనుమతి నిరాకరించినది. కడకు లండను కౌంటీ కౌన్సిలు తన యధికారముతో ప్రదర్శనమునకు అనుమతి యిచ్చినది.

ఈ వివాదమున ఇరుపక్షములందును కొంత న్యాయము కలదు. ద్వేషమును రెచ్చగొట్టు చిత్రము శాంతికి హాని చేయుననుట నిజమే. కాని కావెల్ కథలో ద్వేషము లేదు. తనను చంపువారిని గూడ ద్వేషింపరాదని తలచి మరణించిన స్త్రీ ఆమె. ఆ పాత్ర ధరించిన సిబిల్ తరువాతి దశకమున శాంతివాదుల సంఘములో చేరి, యుద్ధమునకు వ్యతిరేకముగ బహిరంగముగ పనిచేసినది. ఇచట మరొక విశేషము. కంఠమునకు పేరొందిన నటి మాటలేని చిత్రములో నటించుట! గొంతు సాయము తీసివేసినప్పటికిని కథ నిలిచినదనిన, ఆమె నటన పెదవుల చివర మాత్రమే లేదని తేలుచున్నది.

1926లో దేశవ్యాప్తముగ కార్మికుల సమ్మె జరిగినప్పుడు ఆ దంపతులు కార్మికుల పక్షమే వహించిరి. 1930లో నీగ్రో గాయకుడు, నటుడు నగు పాల్ రోబ్సన్ లండనున ఒథెల్లోగ నటింపగా సిబిల్ ఎమీలియా పాత్రను, యువతియగు పెగ్గీ యాష్‌క్రాఫ్ట్ డెస్డిమోనా పాత్రను ధరించిరి. వర్ణభేదము గాఢముగ నున్న ఆ దినములలో అది చిన్న విషయము కాదు. 1931లో ప్రభుత్వము ఆమెను 'డేమ్' బిరుదముతో గౌరవించినది.

ఇక ఆమె చరిత్రలో మాకు అన్నిటికంటె ప్రియమైన ఘట్టమునకు వత్తుము. 1938లో ఎమ్లిన్ విలియమ్స్ రచించిన 'ది కార్న్ ఈజ్ గ్రీన్' నాటకమున ఆమె వేల్సు దేశపు బొగ్గుగనుల పల్లెలో బడి పెట్టిన ఉపాధ్యాయినిగ నటించినది. రెండేండ్లు తిరుగకముందే నాటకము నిజమైనది. 1940లో లండనుపై బాంబులు కురియుచుండగా ఓల్డ్ విక్ సమాజము నగరమును విడువవలసివచ్చెను. అప్పుడు కాసన్ దంపతులు చిన్న బృందముతో 'మాక్బెత్' నాటకమును తీసికొని వేల్సు గనుల లోయలకు బయలుదేరిరి. పెద్ద నాటకశాలలు లేవు. గనికార్మికులు తమ చందాలతో కట్టుకొన్న సంఘమందిరములే రంగస్థలములు. రాత్రి ఒక యూరిలో ఆట, తెల్లవారి సామాను ఎక్కించుకొని మరొక యూరికి పయనము. తరువాత 'మీడియా', 'కాండిడా' నాటకములును ఆ త్రోవనే పోయినవి.

గనిలోనుండి వచ్చినవారికి గ్రీకు విషాదనాటక మేల అని పెదవి విరచినవారు లేకపోలేదు. అలసినవానికి హాస్యము చాలునని వారి వాదము. ఆ వాదమునందు దయ కలదుగాని గౌరవము లేదు. వేల్సు గనివారు పాటకు, వాగ్ధాటికి పెట్టినది పేరు. ప్రార్థనమందిరములలో గొప్ప వక్తలను విని విని వారి చెవులు పదునెక్కినవి. ఆ చెవులకు షేక్స్‌పియర్ పరాయివాడు కాలేదు. మందిరములు నిండిపోయినవి. ఆ ప్రేక్షకులు తమకు దొరకిన ఉత్తమ ప్రేక్షకులలోనివారని ఆమె యెప్పుడును తలచుకొనుచుండెడిది.

ఆమె మనఃస్థితి యప్పుడెట్టిదో కూడ గుర్తుంచుకొనవలెను. పెద్దకొడుకు జాన్ నౌకాదళ వైమానికుడు. 1940 జూనులో నార్వే తీరమున అతని విమానము కూలి, అతడు జర్మనులకు చిక్కెను. యుద్ధము ముగియువరకు అతడు ఖైదీ. యుద్ధము వలదని వాదించిన తల్లి. యుద్ధమున చిక్కిన కొడుకు. ఆ తల్లి ప్రతి రాత్రియు బిడ్డలను చంపుకొను మీడియాగ నిలిచి, తెల్లవారి సామాను సర్దుకొని మరల బస్సెక్కెడిది. కళ బాధను మరపించుననుట అందరు చెప్పుమాట. కళ బాధను పనిలో పెట్టుననుట ఆమె చూపిన దారి.

1944 మొదలు లారెన్స్ ఒలివియర్, రాల్ఫ్ రిచర్డ్‌సన్ నాయకత్వమున పునరుద్ధరింపబడిన ఓల్డ్ విక్ సమాజములో ఆమెయు నుండెను. 1945లో సైనికులకొరకు ఐరోపాలో పర్యటించుచు వారు జర్మనీలోని బెల్సెన్ నిర్బంధ శిబిరమున్న చోటికి పోయి నాటకమాడిరి. ఆమె అచటి రోగులను, బిడ్డలను చూచినది. ఆ దినము ఆమెను జీవితాంతము వెంటాడినది. ఆ యేడాదియే కాసనుకు 'సర్' బిరుదము వచ్చెను.

వార్ధక్యము వచ్చినను దంపతులు ఇంటిపట్టున నుండలేదు. 1950 తరువాత, డెబ్బది దాటిన వయస్సులో, తెరలు, దుస్తులు ఏమియు లేకుండ ఇద్దరే నిలిచి నాటకఘట్టములను, కవితలను చదువు కార్యక్రమముతో దూరదేశములు తిరిగిరి. ఆ పర్యటనలలో మన భారతదేశమునకును వచ్చిరి. తెరయు దీపమును లేక కంఠముతో మాత్రమే పాత్రను నిలుపుట రేడియో నాటకమునకు తోబుట్టువైన విద్యయే.

చలనచిత్రములను ఆమె రంగస్థలముకంటె తక్కువగ చూడలేదు. కాని తాను దానికి పుట్టలేదని యెరుగును. రంగమున చివరి వరుసకు అందవలసిన కంఠము కెమెరా ముందు కొంచెము హెచ్చగునని విమర్శకులనిరి. అయినను 'నికొలస్ నికల్బీ' (1947), హిచ్‌కాక్ తీసిన 'స్టేజ్ ఫ్రైట్' (1950) వంటి చిత్రములలో ఆమె పాత్రలు జ్ఞాపకముండును. 1957లో విడుదలయిన 'ది ప్రిన్స్ అండ్ ది షోగర్ల్' నిర్మాణకాలమున అమెరికా తార మెరిలిన్ మన్రో ఆలస్యములకు అందరును విసుగుచెందగా, కెమెరా ముందు నటించుట మనలో ఆ పిల్లకే తెలియునని సిబిల్ ఆమె పక్షమున పలికినది. డెబ్బదినాలుగేండ్ల మహానటి ముప్పదేండ్ల తారనుండి నేర్చుకొనుటకు సిద్ధపడినదనిన, అంతకంటె మెచ్చదగిన విషయమేమి?

1962లో చిచెస్టర్ నాటకోత్సవమున చెఖోవ్ 'అంకుల్ వాన్యా' ప్రదర్శింపబడినప్పుడు ఆమె ముసలిదాదిగను, ఎనుబదియారేండ్ల కాసన్ బీద భూస్వామిగను నటించిరి. మేజోడు అల్లుచు మూల కూర్చుండు ఆ చిన్న పాత్రను ఆమె చిన్నదనుకొనలేదు. 1969 మేలో కాసన్ మరణించెను. ఆ యేడాదియే లెదర్‌హెడ్ పట్టణమున ఆమె పేర నిర్మించిన థార్న్‌డైక్ థియేటరు తెరువబడగా, ఆ వేదికపై ఆమె తుదిసారి నటించినది. 1976 జూన్ 9వ తేదీన తొంబదిమూడవయేట లండనున కన్నుమూసినది. ఆమె చితాభస్మము వెస్ట్‌మినిస్టర్ ఆబీలో నిక్షిప్తము చేయబడినది.

శిల్పికి శిల మిగులును. కవికి గ్రంథము మిగులును. నటుని సొత్తు గాలిలో కలిసిపోవును. 1924లో న్యూ థియేటరున ఆ కాగితము చినిగిన శబ్దమును విన్నవారు నేడు లేరు. అయినను ఆమె జీవితమునుండి మన మొక విషయము గ్రహింపవచ్చును. చేయి పోయిన కంఠము నమ్ముకొన్నది. కంఠము పోయిన మౌనమును నమ్ముకొన్నది. తిరిగివచ్చిన కంఠమును దాచుకొనక గనుల లోయలకు మోసికొనిపోయినది. ఉత్తమ కళ కొందరిదే యను మాట చెవినిబడినప్పుడెల్ల, రాత్రివేళ బొగ్గుమసి కడుగుకొని వచ్చి బల్లలపై కూర్చుండి 'మాక్బెత్' విన్న ఆ గనికార్మికులను మేము తలచుకొందుము.